లైవ్ డబ్ రెగే షో: అతిథి గాయకులు, హార్న్స్ ఉన్నప్పుడు మిక్సర్ దగ్గర ఎవరుండాలి?

మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. మీది విజయవాడలో ఆరుగురి రెగే బ్యాండ్: డ్రమ్స్, బేస్, గిటార్, రెండు కీబోర్డులు, ఒక పెర్కషన్. చలికాలంలో నాలుగొందల మంది పట్టే హాల్లో పూర్తిగా డబ్ షో (పాటలోంచి గొంతుల్ని, వాద్యాల్ని తీసేస్తూ, మిగిలినదాని మీద ఎకో వేస్తూ మిక్సర్ దగ్గరే కొత్తగా మలిచే రెగే పద్ధతి) చేద్దామనుకుంటున్నారు. ముగ్గురు అతిథి గాయకులు వస్తున్నారు: ఒక ర్యాపర్ కుర్రాడు, కర్ణాటక సంగీతం నేర్చుకున్న ఒకమ్మాయి, ఒక జానపద గాయకుడు. వాళ్లకి తోడు హార్న్స్, అంటే ఊదే వాద్యాలు: ట్రంపెట్, టెనర్ సాక్సఫోన్, ట్రాంబోన్. ట్రయల్‌గా ఒక కాలేజీ ఫంక్షన్లో వాయిస్తే ‘ఎకో ఎక్కువైన ఆర్కెస్ట్రాలా ఉంది’ అన్నారట. ఏ ఎఫెక్ట్ యూనిట్ కొంటే డబ్‌లా వినిపిస్తుంది అని అడుగుతున్నారు.

ఇప్పుడప్పుడే ఏదీ కొనకండి. ఆ మాట అన్నాయన సరిగ్గానే విన్నాడు. ఆరుగురు వాయిస్తూ, ముగ్గురు ఊదుతూ, ఒకరు పాడుతూ ఉండగా దాని మీద ఎకో వేస్తే అది ఎకో వేసిన ఆర్కెస్ట్రాయే. డబ్‌లో ముందు తీసెయ్యాలి, ఎకో ఆ తీసేసిన జాగాలో పడుతుంది. జాగా లేని చోట డబ్ చేయడం దసరా ముందు ఆదివారం బీసెంట్ రోడ్డులో సైకిల్ తొక్కడం లాంటిది. సైకిల్ ఎంత ఖరీదైనదైనా ఒకటే.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మనిషి సంగతి. అద్దె సౌండ్ సిస్టంతో వచ్చే కుర్రాడే మొత్తం చూసుకుంటాడులే అనుకుంటే అంతే సంగతులు. అతను పనిమంతుడే. రోజూ పెళ్లిళ్లు, ప్రార్థన సభలు, పార్టీ మీటింగులు బ్యాలెన్స్ చేసి చేయి తిరిగినవాడే. కానీ అతనికి అలవాటైన పని ఒక్కటి: మాట ఎప్పుడూ పైకి వినపడాలి, ఏదీ పోకూడదు, మైకు కూయకూడదు. మీకు కావాల్సింది పాట మొత్తం నోటికొచ్చి, ఎక్కడ ఏది పోగొడితే బాగుంటుందో తెలిసినవాడు. అతను మీతోపాటు ప్రతి రిహార్సల్‌కి రావాలి. పోస్టర్ మీద పేరుండాలి. డబ్బులు పంచుకునేటప్పుడు అతనికీ ఒక వాటా. బ్యాండులో ఏడో మెంబర్ అతను. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, ఆ సంగీతం పుట్టిన తీరే అలాంటిది.

1960ల చివర్లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో, చిన్న రికార్డుకి రెండోవైపు గొంతు లేకుండా ఉత్త వాద్యాలతో అదే పాటని ‘వెర్షన్’ పేరుతో వెయ్యడం మొదలైంది. దాన్ని డబ్‌గా మార్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది కింగ్ టబ్బీ. అసలు పేరు ఆస్బోర్న్ రడక్. పాడేవాడూ కాదు, వాయించేవాడూ కాదు. రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసుకునే మెకానిక్, సొంత సౌండ్ సిస్టం నడిపినవాడు. పెద్ద స్టూడియో ఒకటి వదిలించుకున్న నాలుగు ట్రాకుల పాత మిక్సర్‌ని కొనుక్కుని వాటర్‌హౌస్ పేటలో ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఆ గదిలో బ్యాండ్ మొత్తం పట్టదు. బ్యాండ్లు వేరేచోట వాయించిన టేపులు ఆయన దగ్గరికి వచ్చేవి. ఆయన డ్రమ్స్, బేస్ ఉంచి, గొంతుని ఒక్క మాట వినిపించి లాగేసి, ఆ మాట తోకని ఎకోలో వదిలేసేవాడు. ఆ మిక్సర్ మీదున్న ఫిల్టర్ నాబ్‌ని తిప్పుతుంటే హైహ్యాట్ (డ్రమ్స్‌లో కాలితో మూసే జంట తాళాలు) మొత్తం సన్నగా, గాలిలా అయిపోయేది. అంటే వాద్యకారుడి పని ఆ ఫేడర్ల (ఒక్కో శబ్దాన్ని పెంచే, దించే మీటల) మీదున్న చేతులదే.

ఆయన పని ఒక విధంగా సుఖం. టేపు మీదున్న డ్రమ్మర్ తన ఫేడర్ దించేస్తే నొచ్చుకోడు. మీ డ్రమ్మర్ నొచ్చుకుంటాడు. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నాలుగొందల మంది హాల్లో స్నేర్ (చురుగ్గా పలికే చిన్న డ్రమ్) ఫేడర్ అడుగుకి లాగేసినా స్నేర్ వినిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే డ్రమ్స్ కళ్లెదురుగానే ఉన్నాయి. ట్రంపెట్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మైకు తీసేసినా చివరి వరసకి వెళ్తుంది. కాబట్టి లైవ్‌లో సగం డబ్ ఫేడర్‌తో కాదు, వాయించేవాళ్ల చేతులతో జరగాలి. ‘ఇప్పుడు ఆపు’ అంటే నిజంగానే ఆపాలి. లండన్‌లో డెనిస్ బోవెల్ డబ్ బ్యాండ్‌ని గానీ, ఏడ్రియన్ షేర్‌వుడ్ మిక్సర్ దగ్గర నిలబడి నడిపిన షోలని గానీ వినండి, బ్యాండు సగం సేపు ఏం వాయించకుండా నిలబడటం తెలుస్తుంది.

దీనికి నేను చెప్పే ఏర్పాటు ఇది. హాల్ వెనక ఉండే పెద్ద మిక్సర్‌ని అద్దె సౌండ్ కుర్రాడికే వదిలేయండి. మొత్తం బ్యాలెన్స్, మానిటర్లు, హౌలింగ్ (మైకు కూత) రాకుండా చూడటం అతని పని. మీ డబ్ మనిషిని స్టేజీ మీద, డ్రమ్మర్ పక్కన, చిన్న అనలాగ్ మిక్సర్‌తో కూర్చోబెట్టండి. 8 నుంచి 12 చానెళ్లు చాలు. పెద్ద మిక్సర్ నుంచి అతనికి ఐదారు లైన్లు విడిగా రావాలి: స్నేర్ ఒకటి, గిటార్ ఒకటి, కీబోర్డులు ఒకటి, హార్న్స్ మూడూ కలిపి ఒకటి, గొంతులు ఒకటి, మెలోడికా (ఊదుతూ వాయించే చిన్న కీబోర్డ్) ఉంటే అదొకటి. వాటిని అతను ఎకోకి, రివర్బ్‌కి పంపించుకుంటాడు. అతని దగ్గర్నుంచి తిరిగి వెళ్లేది ఎఫెక్ట్ మాత్రమే, రెండు లైన్ల మీద. అసలు శబ్దం అతని మిక్సర్ నుంచి వెళ్లకూడదు. అలా ఉంటే అతను ఎంత రెచ్చిపోయినా షో పాడవదు, వెనకున్న కుర్రాడు ఆ రెండు ఫేడర్లు తగ్గిస్తే సరి. అసలు గొంతుని, హార్న్స్‌ని కట్ చేయడానికి పెద్ద మిక్సర్ తాలూకు ట్యాబ్ ఒకటి అతని దగ్గర పెట్టి, మ్యూట్ గ్రూపులు (కొన్ని చానెళ్లని ఒక్క బటన్‌తో ఆపేవి) మాత్రం అందులో చేతికందేలా పెట్టుకోండి. మనవైపు అద్దెకి ఎక్కువగా దొరికే బెరింజర్ ఎక్స్32, మిడాస్ ఎం32 రకం మిక్సర్లలో ఆరు మ్యూట్ గ్రూపులుంటాయి, మీకు మూడు చాలు.

డిజిటల్ మిక్సర్‌లోనే ఎకో ఉంది కదా, ఈ చిన్న మిక్సర్ ఎందుకంటారా? ఉంది, బాగానే ఉంటుంది. కానీ అక్కడ ఒక మాట మీద ఎకో తెరవాలంటే ముందు చానెల్ సెలెక్ట్ చెయ్యాలి, తర్వాత సెండ్ (దాన్ని ఎకోకి పంపే నాబ్) వెతకాలి. ఈలోపు ఆ మాట అయిపోతుంది. అనలాగ్ మిక్సర్‌లో ప్రతి చానెల్‌కీ ఒక నాబ్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది, చూడకుండా తిప్పొచ్చు. డిజిటల్‌లోనే చెయ్యక తప్పదంటే ఎక్స్32లో యూజర్ అసైన్ నాబులు నాలుగుంటాయి, గొంతు, స్నేర్, గిటార్, హార్న్స్ సెండ్లని వాటి మీద పెట్టుకోండి. పని జరుగుతుంది, కానీ మజా తక్కువ.

ఇక ఎకో సెట్టింగ్. పాత డబ్ రికార్డుల్లో వినపడేది టేప్ ఎకో. రోలాండ్ వాళ్ల ఆర్‌ఈ-201 1974లో వచ్చింది, ఇప్పటికీ పాతవి దొరికితే బంగారం రేటు. దాని జోలికి పోవద్దు. నాబులున్న గిటార్ డిలే పెడల్ ఏదైనా సరిపోతుంది, ట్యాప్ టెంపో బటన్ (పాట వేగానికి తట్టి ఎకోని కుదుర్చుకునేది) ఉంటే చాలు. ఒక జాగ్రత్త: పెడల్ గిటార్ లెవెల్ కోసం చేసింది, మిక్సర్ ఆక్స్ అవుట్ (ఎఫెక్ట్‌కి శబ్దం పంపే దారి) దానికి ఎక్కువైపోయి గరగరమంటుంది. ఆక్స్ మాస్టర్‌ని బాగా తగ్గించి పంపండి, తిరిగొచ్చాక చానెల్ గెయిన్‌లో పెంచుకోండి.

లెక్క సులువు. 60,000ని టెంపోతో భాగిస్తే ఒక బీట్ ఎన్ని మిల్లీసెకండ్లో వస్తుంది. టెంపో 75 అయితే బీట్ 800. ఎకోని సరిగ్గా 800 పెడితే ప్రతి మోతా అసలు బీట్ మీదే పడి దాక్కుంటుంది. అందులో మూడొంతులు, అంటే 600 పెట్టండి. అప్పుడు మోతలు డ్రమ్స్ మధ్య సందుల్లో పడుతూ నడుస్తాయి. ఎకో తిరిగొచ్చే లైన్‌ని ఆక్స్ రిటర్న్‌లో కాకుండా ఒక మామూలు చానెల్‌లో పెట్టుకోండి. అప్పుడు దానికి ఈక్యూ (కింది, పై శబ్దాల్ని విడిగా పెంచే, తగ్గించే నాబులు) ఉంటుంది, దాని నుంచే మళ్లీ ఎకోకి కొద్దిగా పంపిస్తే మోత తనంతట తాను పెరుగుతూ పోతుంది. ఆ నాబ్ మీద నుంచి చెయ్యి తియ్యకూడదు, ఒక్క పావు తిప్పు ఎక్కువైతే హాల్ మొత్తం ఊళ వేస్తుంది. ఆ చానెల్‌లో 200 హెర్ట్జ్ కింద మొత్తం కోసెయ్యండి, పైన 3,000 దాటాక తగ్గించండి. కిందిది కొయ్యకపోతే బేస్ గిటార్ మీదికి బురదలా పేరుకుంటుంది. పైది తగ్గించకపోతే గాయకుల ‘స’కారాలు తేనెటీగల్లా తిరుగుతాయి. సెండ్ ఎప్పుడూ పోస్ట్ ఫేడరే. ఫేడర్ దించగానే కొత్తగా ఏదీ ఎకోలోకి వెళ్లదు, అప్పటికే వెళ్లింది మాత్రం తోకలా సాగుతుంది.

స్నేర్ మీద స్ప్రింగ్ రివర్బ్ కావాలి. స్ప్రింగ్ ఉన్న పాత గిటార్ యాంప్ ఎవరి దగ్గరన్నా ఉంటే అడగండి. సైరన్ పెట్టె కూడా తెస్తామని మీ కుర్రాళ్లు అంటారు, తేనివ్వండి, కానీ షో మొత్తానికి రెండుసార్లే అని ముందే ఒప్పందం చేసుకోండి. లేకపోతే బెంజ్ సర్కిల్ దగ్గర అంబులెన్స్ ఇరుక్కుంది అనుకుంటారు జనం.

బ్యాండ్ సైగల విషయం. డబ్ మనిషి స్టేజీ మీదే ఉంటాడు కాబట్టి చేత్తో చెప్తే కనిపిస్తుంది. పిడికిలి బిగిస్తే డ్రమ్స్, బేస్ తప్ప అందరూ ఆగాలి. అరచెయ్యి తెరిస్తే అందరూ తిరిగి రావాలి, అదీ తర్వాతి బార్ (నాలుగు బీట్ల చుట్టు) మొదట్లోనే. బొటనవేలు కిందికి చూపిస్తే బేస్ కూడా ఆగుతుంది. వేలు పెట్టి ఎవరిని చూపిస్తే వాళ్లు ఒక్క కొట్టు కొట్టి ఆగిపోవాలి, ఆ కొట్టు మీదే అతను ఎకో తెరుస్తాడు. ఇవి చాలు, ఎక్కువ పెడితే ఎవరికీ గుర్తుండవు. రిహార్సల్‌లో ఒక్క పాట తీసుకుని, పాట వాయించకుండా ఈ సైగలే సాధన చెయ్యండి. మొదట్లో అందరికీ చిరాకేస్తుంది. ముఖ్యంగా కీబోర్డ్ వాళ్లకి చేతులు ఊరుకోవు.

డ్రమ్మర్ సినిమా ఆర్కెస్ట్రా నుంచి వచ్చినవాడైతే అతనితో విడిగా మాట్లాడండి. వన్ డ్రాప్ అనే రెగే దరువులో మొదటి బీట్ ఖాళీ. కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), రిమ్ (స్నేర్ అంచు మీది దెబ్బ) రెండూ కలిసి మూడో బీట్ మీద పడతాయి. సమం మీద దెబ్బ వెయ్యడం మనకి ఒంట్లో ఉన్న అలవాటు, దాన్ని వదిలి పెట్టమంటే తాళం తప్పినట్టు ఉంటుంది. ‘ఒకటి’ని మనసులో అనుకుని, ‘మూడు’ని పైకి అంటూ కాసేపు నడిస్తే కుదురుకుంటుంది. స్టెపర్స్ అనే దరువైతే కిక్ నాలుగు బీట్ల మీదా ఉంటుంది, అది మనవాళ్లకి చిటికెలో వస్తుంది. అందుకే షోని స్టెపర్స్‌తో మొదలుపెట్టి, జనం కుదురుకున్నాక వన్ డ్రాప్‌లోకి దించమంటాను. ఇంకోటి, నాలుగు బార్లకోసారి ఫిల్ (సందు నింపే డ్రమ్ ముక్క) కొట్టకూడదు. ఎకో వెయ్యాల్సిన చోటు అదే.

ఇప్పుడు బేస్. మీరు అసలు దీని గురించి అడగలేదు, కానీ డబ్ షోలో జనం డబ్బులిచ్చేది దీనికే. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అడుగు తీగ ‘ఈ’ 41 హెర్ట్జ్. మనవైపు డీజే బాక్సులు ఊరేగింపుల కోసం చేసినవి. గుండె మీద కొట్టే 60, 70 హెర్ట్జ్ దగ్గర బ్రహ్మాండంగా ఉంటాయి, 45 కిందికి వెళ్తే చాలావాటిలో గాలి తప్ప ఏం రాదు. ఆ బాక్సులతో ‘ఈ’లో పాట పెడితే మీ బేస్ ప్లేయర్ వేళ్లు కదులుతుంటాయి, హాల్లో మాత్రం శబ్దం ఉండదు. అందుకే పాటల కీని ‘జి’కి గానీ (49 హెర్ట్జ్) ‘ఏ’కి గానీ (55) మార్చండి. దీనివల్ల హార్న్స్‌కీ మేలే, అది కింద చెప్తాను.

బాక్సులు స్టేజీకి అటు రెండు, ఇటు రెండు పెట్టడం ఆనవాయితీ. ఒప్పుకోవద్దు. రెండు వైపుల నుంచి వచ్చే బేస్ హాల్లో కొన్నిచోట్ల కలుస్తుంది, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపుకుంటుంది. నడిమధ్య దారిలో నిలబడినవాడికి భూకంపం, నాలుగు కుర్చీలు పక్కకి జరిగినవాడికి ఏమీ లేదు. మొత్తం బాక్సుల్ని స్టేజీ ముందు మధ్యలో ఒకే వరసగా పేర్చండి. డబుల్ 18 అంగుళాల బాక్సులు నాలుగు నుంచి ఆరు ఉంటే నాలుగొందల మందికి సరిపోతాయి. 40 హెర్ట్జ్ అల దాదాపు 8.6 మీటర్ల పొడవుంటుంది, కాబట్టి హాల్ కొలతల్ని బట్టి ఎక్కడో ఒకచోట గోడ దగ్గర బేస్ ఉబ్బుతుంది. సౌండ్ చెక్ అప్పుడు బేస్ ప్లేయర్‌ని ఒక్క పల్లవి తిప్పి తిప్పి వాయించమని, డబ్ మనిషి హాలంతా ఒక చుట్టు నడిచి రావాలి. ఏ స్వరం దగ్గర కిటికీలు గిలగిలలాడుతున్నాయో అక్కడ ఈక్యూలో కొద్దిగా తగ్గించుకోవచ్చు.

హార్న్స్. మీకు ట్రాంబోన్ దొరకడమే అదృష్టం. మనవైపు పెళ్లి బ్యాండుల్లో క్లారినెట్, ట్రంపెట్, సాక్సఫోన్, యుఫోనియం ఉంటాయి గానీ ట్రాంబోన్ అరుదు. అతను కనక చివర్లో చేతులెత్తేస్తే కంగారుపడకండి, యుఫోనియం అతన్ని తెచ్చుకోండి, శ్రుతి స్థాయి ఒకటే, నాదం ఇంకాస్త గుండ్రంగా ఉంటుంది. జమైకాలోనూ ఈ హార్న్స్ వాళ్లలో చాలామంది ఆల్ఫా అనే అనాథ బాలుర బడిలో బ్యాండ్ మేళం నేర్చుకుని వచ్చినవాళ్లే. డాన్ డ్రమండ్, టామీ మెకుక్, రికో రోడ్రిగ్జ్ అందరూ అక్కడివాళ్లే. కాబట్టి పెళ్లి బ్యాండ్ వాయించేవాళ్లని తక్కువగా చూడొద్దు. గంటల తరబడి ఎండలో నడుస్తూ ఊదే ఊపిరి వాళ్లది.

ట్రంపెట్, టెనర్ సాక్స్ రెండూ ‘బి ఫ్లాట్’ వాద్యాలు. మీరు ‘జి మైనర్’ అంటే వాళ్ల వేళ్లకి అది ‘ఏ మైనర్’, ఒక్క షార్ప్ కూడా లేదు, కళ్లు మూసుకుని ఊదుతారు. మీరు గిటార్‌కి సుఖమని ‘ఈ మైనర్’ పెడితే వాళ్లకి ‘ఎఫ్ షార్ప్ మైనర్’ అవుతుంది, అప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. అందుకే జి మైనర్. బేస్ బాక్సులకీ అదే మంచిది, ఊదేవాళ్లకీ అదే మంచిది, ఐదు శ్రుతిలో పాడే అమ్మాయికీ అదే ఆధారం. గిటార్ అతను కాస్త సర్దుకోవాలి, సర్దుకుంటాడు.

నొటేషన్ రానివాళ్లకి స్వరాల్లో చెప్పండి. మైనర్ కీలో రెండు కార్డ్స్ (కలిపి వాయించే స్వరాల గుంపులు) మీద తిరిగే రెగేకి శుద్ధ ధన్యాసి చక్కగా అమరుతుంది: స గ మ ప ని. ఏ స్వరం మీద ఆగినా కొట్టుకోదు. హార్న్స్ వాళ్లకి నేనిచ్చే లైన్లు రెండు బార్లు దాటవు, తర్వాత రెండు బార్లు నిశ్శబ్దం. ఆ రెండు బార్లు డబ్ మనిషివి. మొదటి రెండు బార్ల చివరి స్వరాన్ని పొట్టిగా, ఠక్కున ఆపమనండి. సాగదీసిన స్వరాన్ని ఎకోలో వేస్తే హార్మోనియం ముద్దలా అయిపోతుంది, పొట్టి స్వరం వేస్తే ఒక్కొక్కటీ విడివిడిగా హాల్లో తిరుగుతుంది. ముగ్గురూ ఒకే స్వరం ఊదాల్సిన చోట్లు ఎక్కువ పెట్టండి. మూడు వేర్వేరు స్వరాల కూర్పు ఎకోలో పడితే ఎవరిదేదో తెలియదు.

వేడి సంగతి కూడా. ఊదే వాద్యాల శ్రుతి గాలి వేడిని బట్టి పెరుగుతుంది. లెక్క ప్రకారం ఒక డిగ్రీకి దాదాపు 3 సెంట్లు, అంటే అరస్వరంలో నూటికి మూడు వంతులు. ఊపిరి వేడికి వాద్యం ఎలాగూ వెచ్చబడుతుంది కాబట్టి అసలు తేడా కొంత తక్కువే ఉంటుంది, కానీ చెవికి తెలుస్తుంది. కీబోర్డ్ మాత్రం కదలదు. బయట వరండాలో ట్యూన్ చేసుకుని ఏసీ హాల్లోకి వస్తే ముగ్గురూ తగ్గి ఉంటారు. ఏసీ వేసిన హాల్లోనే, లైట్లు వెలిగించాకే, పది నిమిషాలు ఊది అప్పుడు ట్యూన్ చేసుకోమనండి. ఎండాకాలంలో పెట్టకుండా డిసెంబర్, ఫిబ్రవరి మధ్య చేస్తున్నారు, మంచి పని.

నాదస్వరం పెట్టొచ్చా అని కింద ఎవరో అడిగారు. చిలకలూరిపేట వైపు దానికి పెద్ద సంప్రదాయమే ఉంది, కాబట్టి ఆశ పుట్టడం సహజం. పెట్టొచ్చు, ఒక్క పాటకి. బారి నాదస్వరం మామూలుగా రెండు, రెండున్నర శ్రుతిలో ఉంటుంది, అది మీ కీకి రాదు, మీరే దాని దగ్గరికి వెళ్లాలి. మైకు పెట్టొద్దు. తీగలా సాగే గమకాల మీద ఎకో కూడా వద్దు. డ్రమ్స్, బేస్ మాత్రం ఉంచి తక్కినవాళ్లందరూ కూర్చుంటే చాలు.

గాయకుల దగ్గరికి వస్తే, ముగ్గురికీ మూడు రకాల జాగ్రత్తలు. ర్యాపర్ కుర్రాడు మైకు తలని చేత్తో మూసేస్తాడు. ఆ అలవాటుకి మానిటర్ కూయడం ఖాయం, మాట కూడా ముద్దవుతుంది. ముందే చెప్పండి. అతనికి పదాలు తగ్గించమని కూడా చెప్పాలి, ఇది కష్టం. యు-రాయ్ లాంటి తొలి డీజేలు జమైకాలో వెర్షన్ రికార్డుల మీద మాట్లాడింది సందుల్లోనే. పాట గొంతు పోయిన చోట దూరి, అది తిరిగొచ్చేసరికి తప్పుకునేవాళ్లు. మీ కుర్రాడు పదహారు బార్లు ఊపిరి తీసుకోకుండా చెప్తే డబ్ మనిషి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

కర్ణాటక సంగీతం అమ్మాయికి రాగం మీద భయం ఉండదు, ఎకో మీద ఉంటుంది. తన గొంతు తనకే ఆలస్యంగా వినిపిస్తే తాళం జారుతుంది. కాబట్టి ఆమె మానిటర్‌లో ఎకో చుక్క కూడా ఉండకూడదు. ఆ మాట అద్దె సౌండ్ కుర్రాడికి రెండుసార్లు చెప్పండి, ఎందుకంటే ‘మేడమ్‌కి కొంచెం ఎఫెక్ట్ వేశానండీ, బాగుంటుంది’ అని వాళ్లంతట వాళ్లే వేస్తారు. ఆమెతో పాట మొత్తం పాడించకండి. ఒక పల్లవి, నాలుగు ఆవర్తాల ఆలాపన, చాలు. ఆలాపనలో ‘ఆ’కారం దగ్గర ఆపితే ఎకోలో నిండుగా పరుచుకుంటుంది.

జానపద గాయకుడు మీరు అనుకున్న చోట మొదలుపెట్టడు, అనుకున్న చోట ఆపడు. అది లోపం కాదు, జనాన్ని బట్టి పెంచుతూ తుంచుతూ పాడటం ఆయన విద్య. అందుకని ఆయన పాటకి బార్ల లెక్క పెట్టకుండా ఒకే కార్డ్ మీద బ్యాండ్‌ని తిప్పుతూ ఉండండి, ఆయన చెయ్యెత్తితే డబ్‌లోకి వెళ్లండి. ఆయన శ్రుతి అడిగి తెలుసుకోండి. ఆయన విషయంలో జి మైనర్ పట్టుదల వద్దు. డప్పు తెస్తే ఒక మైకు పెట్టి స్నేర్ లాగే ఎకోకి ఒక లైన్ ఇవ్వండి, షోలో అన్నిటికంటే బాగా వినిపించేది అదే కావచ్చు. కోరస్‌కి ఇద్దరు కావాలంటే గుంటూరు చర్చి క్వయర్లలో వెతకండి. అక్కడ నాలుగు గొంతుల్లో విడివిడిగా పాడే అలవాటు మిషన్ బడుల కాలం నుంచీ ఉంది, ‘నువ్వు కింద గొంతు పట్టుకో’ అంటే వెంటనే పట్టుకుంటారు.

షో వరస ఇలా పెడితే బాగుంటుందని నా అభిప్రాయం. ప్రతి అతిథితోనూ ముందు పాటని పాటలాగే, ఎఫెక్ట్‌లు లేకుండా పాడించండి. అది ఆపకుండానే డ్రమ్స్, బేస్ మీద తిరుగుతూ దాని డబ్‌లోకి దిగండి. విజయవాడ శ్రోతల్లో చాలామందికి డబ్ కొత్త. అసలు పాట చెవిలో ఉంటేనే, తర్వాత దానిలో ఏది పోయిందో, ఏది ఒక్క క్షణం మెరిసి మాయమైందో తెలుస్తుంది. పాత రికార్డుకి రెండు వైపులా ఉన్నది ఇదే. అతిథికి, అతిథికి మధ్య యాంకర్ వద్దు. ముఖ్య అతిథి, శాలువా, జ్ఞాపిక ఏమన్నా ఉంటే మొదలుపెట్టకముందే కానిచ్చేయండి. ఒక గంట కష్టపడి హాల్ మొత్తాన్ని ఊపులోకి తెచ్చాక మధ్యలో సన్మానం పెడితే మళ్లీ మొదటికొస్తుంది.

హాల్, పర్మిషన్ గురించి క్లుప్తంగా. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి పోలీసుల దగ్గర ముందే తీసుకోండి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం, కమ్యూనిటీ హాల్ లాంటి మూసిన చోట్లకి మినహాయింపు ఉంది. ఆస్పత్రి, బడి, కోర్టుకి 100 మీటర్ల లోపు చోటుని నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండొచ్చు, అక్కడికి అసలు వెళ్లొద్దు. మూసిన హాలే కదా అని ధీమాగా ఉండకండి, బేస్ గోడల్ని లెక్కచెయ్యదు. పైగా డెసిబెల్ మీటర్ ఏ-వెయిటింగ్‌లో (మన చెవికి తగ్గట్టు కొలిచే పద్ధతి) 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. మీటర్ ప్రకారం అంతా సవ్యంగానే ఉంటుంది, పక్కింటివాళ్ల స్టీలు గిన్నెలు మాత్రం మోగుతుంటాయి. ఒక రోజు ముందు వెళ్లి చుట్టుపక్కలవాళ్లకి చెప్పి రండి, పదింటికల్లా ఆపేస్తామని మాటివ్వండి, ఆపేయండి. హాల్ లోపల కూడా హద్దుండాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ వేదికలకి సూచించింది 15 నిమిషాల సగటున 100 డెసిబెల్స్. దానికి మించి పెంచాల్సిన అవసరం మీకు రాదు.

చిన్న మిక్సర్, పెడళ్లు, కీబోర్డులు అన్నీ ఒకే ఫేజు నుంచి, ఒకే ఎర్త్ నుంచి తీసుకోండి. లైట్లకి వేరే ఫేజు. లేకపోతే ఎకోలో అసలు పాటకంటే ముందు గూంయ్‌మనే హమ్ తిరుగుతుంది. జనరేటర్ మీద నడిపితే సౌండ్ చెక్ కూడా జనరేటర్ మీదే చెయ్యండి.

రిహార్సల్స్‌లో మొదటివాటికి అతిథుల్ని పిలవకండి. ముందు ఆరుగురు, డబ్ మనిషి మాత్రమే. ఒకే పాటని అరగంట తిప్పండి, సైగలు అలవాటయ్యేదాకా. తర్వాత హార్న్స్. గాయకులు చివర్లో వస్తే చాలు, అప్పటికి వాళ్లకి ఇవ్వడానికి మీ దగ్గర ఖాళీ జాగా ఉంటుంది. ప్రతి రిహార్సల్‌నీ ఫోన్‌లో రికార్డ్ చేసి, హార్న్స్ ఉన్నచోట గిటార్ కూడా వాయిస్తుంటే రాసుకోండి. ఆ రెంటిలో ఒకటి పోవాలి.

మీ బేస్ ప్లేయర్ వాడేది నాలుగు తీగలదా, ఐదు తీగలదా? హాల్ వాళ్లు ఇచ్చే బేస్ బాక్సుల మోడల్ ఏమిటి? ఈ రెండూ కింద రాయండి. ఐదు తీగలదైతే పైన కీ గురించి చెప్పినదాంట్లో కొన్ని మార్పులుంటాయి.